జంతువు వెనుక సగం

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోసే మనిషిని. గోదావరిఖనిలో బొగ్గు తర్వాత ఎక్కువ ఉత్పత్తి నా నోటి నుంచే వస్తుందని మా ఆవిడ అంటుంది. ఎండ నలభై నాలుగుంటే యాభై అంటాను. వానపాము కనిపిస్తే కొండచిలువ అంటాను, అది మట్టిలోకి దూరితే నేనే తరిమానంటాను. కాబట్టి కింద చదవబోయే దాంట్లో ప్రతి కొలతనూ సగం చేసుకోండి, జనం లెక్కను పదో వంతు చేసుకోండి. నా బాధను మాత్రం తగ్గించకండి, దాన్ని తూకం వేసి రాస్తున్నాను. ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, అచ్చంగా అబద్ధమే ఆడాను. అదెక్కడో చివర చెప్తాను, అప్పటికి ధైర్యం మిగిలి ఉంటే.

విషయం ఏమిటంటే, ఇరవై రెండేళ్ళు భూమి కింద నా పక్కన పనిచేసిన మనిషి, మూడు వేల మంది చూస్తుండగా నన్ను స్టేజి నడిమధ్య వదిలేసి వెళ్ళిపోయాడు. ఊరికే వెళ్ళినా సహించేవాణ్ణి. నా నడుము నుంచి వెనుక ఉన్నదంతా, తోకతో సహా, పట్టుకుని వెళ్ళాడు.

అతన్ని నేను బావా అంటాను, అతను నన్ను బావా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. అతను ఆదివారం చర్చిలో డోలక్ వాయించే మనిషి, నేను శనివారం గుడి ముందు చెప్పులు పోగొట్టుకునే మనిషి. మమ్మల్ని కలిపింది గని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని మాది. ఇద్దరు కలిస్తే తప్ప సాగని పని, ఆ ఇద్దరినీ జోడి అంటారు. ఒకడు దుంగను పట్టుకుంటే ఇంకొకడు పైన చెక్క బిగించి కొడతాడు. పట్టుకున్నవాడు వదిలితే కొట్టేవాడి మీద పడుతుంది, కొట్టేవాడు గురి తప్పితే పట్టుకున్నవాడి చెయ్యి పోతుంది. మా ఆవిడతో పెళ్ళిచూపులు పావుగంటలో అయిపోయాయి. బావతో జోడి కుదరడానికి ఏడాది పట్టింది.

కింద మిషన్ల చప్పుడుకు మాట వినపడదు. అందుకని మేం తట్టి చెప్పుకుంటాం. ఒక్కసారి తడితే ఆగు. రెండుసార్లు తడితే నడువు. ఈ ఒక్క తట్టు ఉంది చూశారూ, దానికి ఎదురు ప్రశ్న లేదు. ఎందుకని అడగడానికి తల తిప్పేలోపే పైనుంచి రాయి రావచ్చు. అది పడిందా, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండాలి. మళ్ళీ రెండు తట్లు పడేదాకా కదలకూడదు. పైకి వచ్చినా ఈ అలవాటు పోదు. ఒకసారి కూరగాయల మార్కెట్లో ఎవరిదో సంచి నా వీపుకు ఒక్కసారి తగిలితే టమాటాల ముందు నలభై నిమిషాలు నిలబడిపోయాను. మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చి రెండుసార్లు గుద్దితే గానీ కదల్లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, బిళ్ళ సంగతి. గనిలోకి దిగే ముందు ల్యాంప్ రూంలో మన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి తలలైటు తీసుకుంటాం. ఆ బిళ్ళ బోర్డు మీద కొక్కేనికి వేలాడుతుంది. పైకొచ్చి లైటు అప్పగిస్తే బిళ్ళ మన చేతికొస్తుంది. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే దాని మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. పంతొమ్మిదేళ్ళ కింద, నా కూతురు పుట్టిన రోజున, నేను సెలవు పెట్టి దవాఖానలో ఉంటే బావ వేరే వాళ్ళతో దిగాడు. దారిలో రాళ్ళు పడ్డాయి. అతనొక్కడే అవతల చిక్కుకున్నాడు. గుంపులో ఎవరూ గమనించలేదు. ల్యాంప్ రూం మనిషి బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలిపోవడం చూసి కేకపెట్టాడు. నాలుగు గంటల తర్వాత బయటికి తీశారు. ఈ నాలుగును నేను పెంచలేదు. పైకొచ్చాక బావ మొదట నీళ్ళు అడగలేదట. బిళ్ళ అడిగాడట.

ఇక మా జంతువు దగ్గరికి వద్దాం.

రెండేళ్ళ కింద మెయిన్ చౌరస్తాలో ఒక బర్రె నా స్కూటరును గుద్దింది. ఆ బర్రె ఏనుగంత ఉంది. నా ఎడమ కాలు విరిగింది. ఆరు నెలలు మంచం మీద పడుకుని, హైదరాబాదులో చదువుకునే నా కూతురు సెలవులకు తెచ్చిన ల్యాప్‌టాప్‌లో జపాన్ వాళ్ళ బొమ్మల సీరియళ్ళు చూశాను. యానిమే అంటారు వాటిని. భలే ఉన్నాయి. అందులో ఎవరికీ డ్యూటీ లేదు, అందరూ జుట్టుకు రంగు వేసుకుని లోకాన్ని కాపాడుతుంటారు. అమ్మాయి మాత్రం నా మంచం పక్కనే కూర్చుని అట్టముక్కలతో రెక్కలు కుట్టుకుంటోంది. ఆ సీరియళ్ళలో వాళ్ళలా వేషాలు వేసుకుని ఏడాదికి రెండుమూడుసార్లు కన్వెన్షన్ అని జాతరలా కలుస్తారట. దాన్ని కాస్‌ప్లే అంటారట.

"బాపూ, నువ్వు గూడ ఎయ్యరాదు?" అంది.

"నాకేం వేషం కుదుర్తది బిడ్డా? గీ పొట్టకు గా పోరగాండ్ల బట్టలు పడ్తయా?"

"పొట్ట గనవడకుంట జేస్త" అని అప్పటికప్పుడు నోటుపుస్తకం వెనుక ఒక జంతువును గీసింది. నన్ను గుద్దిన బర్రె మొహం, మొసలి వీపు, ఉడుము తోక, జపాన్ పద్ధతిలో పళ్ళేలంత కళ్ళు. ఏ సీరియల్లోనూ లేని జంతువు, మా ఇంట్లో పుట్టింది. నాలుగు కాళ్ళు. నాకున్నవి రెండు, అందులో ఒకటి కట్టులో ఉంది.

"ఎనుక కాళ్ళకు ఇంకొకలు గావాలె" అంది అమ్మాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను "బావ" అన్నాను, అదే క్షణంలో ఆమె "మామ" అంది.

బావ వచ్చి బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"నేను ఎనుక ఉంటే నాకేం గనవడ్తది బావా?"

"నా నడుము."

"ఇరవై ఏండ్ల సంది గదేనాయె సూస్తున్న. సరే, పా."

నా కాలు అతుక్కునేలోగా జంతువు తయారైంది. మేదరివాళ్ళ దగ్గర వెదురు బద్దలు వంచి పక్కటెముకలు చేయించాం. పొలుసులకు పాత సైకిల్ ట్యూబులు, లోపల మెత్తకు ఫోం షీటు, పొట్ట కింద సిమెంటు సంచి, కళ్ళలో లైట్లు. రెండు సగాలనూ కలపడానికి నడుము దగ్గర నాలుగు కొక్కేలు. తోక ముప్పై అడుగులు. వెనుక సగంలో ఉన్నవాడు వంగి, నా నడుము రెండు చేతులా పట్టుకుని నడవాలి. లోపల చీకటి, ఉక్క, ట్యూబుల వాసన. బావ మొదటిసారి దూరి బయటికొచ్చి, "గనిల గాలన్న ఆడ్తది" అన్నాడు.

కొత్తవాళ్ళు తిన్నగా కన్వెన్షన్‌కు పోకూడదు, ముందు తెలిసినవాళ్ళ మధ్య నడిచి సిగ్గు పోగొట్టుకోవాలని అమ్మాయి చెప్పింది. ఆదివారం పొద్దున క్వార్టర్ల సందులో దిగాం. కాలనీలోని కుక్కలన్నీ, అంటే నాలుగు వందల కుక్కలు, ఒకేసారి మొరిగాయి. పక్క క్వార్టర్ అవ్వ గేటు పట్టుకుని బర్రె నోట్లోంచి నా మొహంలోకి తొంగిచూసింది.

"ఓ కొడుకా, గిదేం జబ్బురా? దవాఖానకు పోరాదు?"

"జబ్బు గాదు అవ్వా, జపాన్ది."

"జపాన్ల గూడ గిట్లనే ఉంటరా పాపం" అని లోపలికి పోయింది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇన్నేండ్లకు అసలు రూపం బయట పడ్డది" అంది. ఎవరో ఈల వేశారు. వేషం విప్పి పారేద్దామనుకుంటుండగా వెనుకనుంచి నా నడుము మీద రెండు తట్లు. అంతే, నా ప్రమేయం లేకుండా కాళ్ళు నడిచాయి. సందు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాం. మొదటి పాఠం అదే. కాస్‌ప్లేకు ధైర్యం గుండెలోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. నాకు నడుము మీదుగా వచ్చింది.

మొదటి కన్వెన్షన్ హైదరాబాదులో. విమానాలు పెట్టుకునేంత హాలు. రామగుండం నుంచి రైల్లో రెండు మూటలుగా తీసుకెళ్ళి, బయటే తగిలించుకుని, జంతువుగానే గేటు దాటాం. లోపల చూస్తే నీలం జుట్టు, గులాబీ జుట్టు, నా అంత పొడుగు కత్తులు. అందరికీ ఇరవై ఏళ్ళే. నేను ఒక స్తంభం చాటుకు పోయి, తల గోడకు ఆనించి నిలబడ్డాను.

"ఏమాయె బావా? గోడ అచ్చిందా?" లోపలినుంచి బావ.

"అందరు పిల్లలే బావా. మనల జూసి నవ్వుతరు. పోదాం పా."

"నవ్వితే నీకు గనవడ్తది. నాకేం గనవడది, నాకెందుకు సిగ్గు?"

"గందుకే నీకు తెలుస్తలేదు."

"తెలుసుకునుడు నా పని గాదు. నా పని నడుసుడు" అన్నాడు. రెండు తట్లు వేశాడు.

నడిచాను. పది అడుగులకు మళ్ళీ ఆగిపోయాను, మళ్ళీ రెండు తట్లు. అలా హాలు మధ్యకు చేరేసరికి ఒక చిన్న పాప వాళ్ళమ్మ చెయ్యి విడిపించుకుని వచ్చి నా ముక్కు మీద చెయ్యి వేసింది. ఏం చేయాలో తెలియక గాండ్రించాను. ఆ గాండ్రింపు బెల్లంపల్లిదాకా వినిపించి ఉంటుంది. పాప ఎగిరి గంతేసి, "మళ్ళీ" అంది. ఆ "మళ్ళీ" విన్నాక ఇక నన్నెవరూ ఆపలేకపోయారు. సాయంత్రం దాకా గాండ్రిస్తూనే ఉన్నాను. తిరుగు రైల్లో గొంతు పోయి సైగలతో చాయ్ అడిగాను. బావ నడుం పట్టేసి, సీట్లో ప్రశ్నార్థకంలా వంగి కూర్చున్నాడు. ఇద్దరం పెద్దపల్లి దాకా నవ్వుకున్నాం.

రెండో కన్వెన్షన్ హనుమకొండలో. అప్పటికి నేను చేయి తిరిగినవాణ్ణి. ఫొటోలకు ఎలా నిలబడాలో తెలుసు, మెడ ఎటు తిప్పితే కళ్ళ లైట్లు మెరుస్తాయో తెలుసు. గంటకోసారి తల తీసి చంకలో పెట్టుకుని, గాలి పీల్చుకుంటూ, చుట్టూ చేరిన పిల్లలకు పొలుసులు ఎలా కోయాలో చెప్పేవాణ్ణి. "కొత్తల్ల అందరికి భయమే ఉంటది. జనాన్ని సూడొద్దు, జంతువు లెక్క ఆలోచించాలె" అని ఉపన్యాసాలు ఇచ్చాను. ఆ సేపంతా బావ వంగే ఉన్నాడు. అతను బయటికొస్తే ఫొటోలో జంతువు కూలబడుతుంది కదా.

మధ్యాహ్నం చాయ్ దగ్గర అడిగాడు, "బావా, నాదొక ఫొటో తియ్యరాదు?"

"పొద్దటిసంది ఐదు వందలు దిగితిమి గద."

"గండ్ల నేనేడ ఉన్న?"

"ఎనుక" అన్నాను. అక్కడున్న పిల్లలు పడీపడీ నవ్వారు. బావ కూడా నవ్వాడనే అనుకున్నాను. గ్లాసు మొహానికి అడ్డంగా ఉంది.

మూడోది మళ్ళీ హైదరాబాదులో, పోయిన వేసవిలో. ఈసారి వేషాల పోటీ. స్టేజి మీద మూడు నిమిషాలు నడవాలి, మైకులో పేరు పిలుస్తారు. పేర్లు రాసుకునే టేబుల్ దగ్గర కూర్చున్న అమ్మాయి ఒక వేషానికి ఒకటే బ్యాండు అని చెప్పింది. నారింజ రంగు కాగితం బ్యాండు నా మణికట్టుకు అంటించి, నంబరు కార్డు నా మెడలో వేసింది. బావ తోకను భుజాన వేసుకుని నా వెనుక నిలబడి ఉన్నాడు. గేటు దగ్గర నా బ్యాండు చూసి ఇద్దరినీ కలిపే లోపలికి వదిలారు. సామాను పెట్టి, నేను బర్రె తల తుడుస్తుంటే అతను చాయ్‌కని బయటికి వెళ్ళాడు.

నేను గుంపులో పడ్డాను. పాత పిల్లలు గుర్తుపట్టి చుట్టుముట్టారు. ఫోను సంచిలో ఉండిపోయింది. రెండు గంటల తర్వాత పోటీకి పిలుపు వచ్చాక చూస్తే బావవి పదకొండు కాల్స్. ముందు సగం వేసుకుని, వెనుక సగాన్ని ఈడ్చుకుంటూ గేటు దగ్గరికి పరుగెత్తాను. బావ గేటు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. నెత్తి మీద చేతిరుమాలు. చేతికి బ్యాండు లేదని సెక్యూరిటీ ఆయన లోపలికి వదల్లేదు.

"ఈయన నీ మనిషేనా అన్నా?" అన్నాడు సెక్యూరిటీ. "పొద్దటిసంది ఒకటే ముచ్చట, నేను జంతువు ఎనుక సగమంటడు. గట్ల ఎవలన్న నమ్ముతరా?"

"నిజమే అన్నా. గిది ముందు సగం, గది ఎనుక సగం" అన్నాను. లైన్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు. నవ్వు వచ్చిందంటే నాకు ఆగదు, ఇంకో మాట అందుకున్నాను. "తోక ఊపి సూపియ్యి బావా, నమ్ముతడు."

ఇంకా నవ్వారు. సెక్యూరిటీ ఆయన కూడా మెత్తబడి, "సరే, అట్లనే అండ్ల దూరి రమ్మను. విడిగ మనిషయితే బ్యాండు లేకుంట ఇడువ" అన్నాడు.

"వంగు బావా" అన్నాను.

బావ ఒక క్షణం నన్ను చూసి వంగాడు. వెనుక సగంలో దూరి నా నడుము పట్టుకున్నాడు. నాలుగు కొక్కేలు పడ్డాయి. గేటు దాటాం. నాకు భలే సరదాగా ఉంది. రాత్రి ఇంటికెళ్ళి ఈ ముచ్చట మా ఆవిడకు ఎలా చెప్పాలా అని అప్పుడే మాటలు కూర్చుకుంటున్నాను. "ఏం బావా, దెబ్బకు లోపటికచ్చినం" అన్నాను వెనక్కి. నా నడుము మీద అతని పట్టు వదులైంది. ఉక్కకు చేతులు జారాయేమో అనుకున్నాను.

మైకులో నా పేరు పిలిచారు. నా పేరు ఒక్కటే. మెట్లెక్కాం. లైట్లు, పాట, ఎదురుగా జనసముద్రం. చెప్తే నమ్మరు గానీ, నాకు భయం వేయలేదు. మంచం మీద కాలు చాపుకుని పడుకున్న మనిషి రెండేళ్ళలో ఇలా అయ్యాడు. మెడ ఎడమకు తిప్పాను, కళ్ళు మెరిశాయి, ఈలలు పడ్డాయి. కుడికి తిప్పాను, కేకలు. సరిగ్గా స్టేజి నడుమకు వచ్చి, గాండ్రించడానికి ఊపిరి పీల్చి, కుడి కాలు ఎత్తాను.

నడుము మీద ఒక్క తట్టు పడింది.

ఆగాను. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. ఎందుకు ఆపాడో తెలియదు, అడగకూడదు. పైన లైటేదో ఊడిపడబోతోందేమో, బావ చెవికి ఏదో చప్పుడు తగిలిందేమో. ఇరవై రెండేళ్ళలో ఆ తట్టు ఒక్కసారి కూడా ఊరికే పడలేదు. కొక్కెం తీసిన చప్పుడైంది. ఇంకొకటి. మరో రెండు. నా వెనుక చల్లగాలి తగిలింది.

జనం హాలు కూలిపోయేట్టు అరిచారు. నా వంక కాదు. తల తిప్పకూడదు కాబట్టి కంటి చివర నుంచి చూశాను. రెండు కాళ్ళు, ఒక మొసలి వీపు, ముప్పై అడుగుల తోక, నిటారుగా లేచి, తొందర లేకుండా, స్టేజి అటు చివరి మెట్లు దిగి వెళ్ళిపోతున్నాయి. తోక కొస మెట్టు మీద ఒకసారి తన్నుకుని మాయమైంది.

నేను నిలబడే ఉన్నాను. రెండు తట్లు పడలేదు కదా. ఒంటికాలి మీద, సగం జంతువుగా, వెనుక నా పాత నిక్కరు అందరికీ కనిపిస్తుండగా గంటసేపు నిలబడ్డాను. పాట అయిపోయింది. మైకు ఆయన "సార్, టైం అయిపోయింది" అన్నాడు. "సార్, బాగున్నారా?" అన్నాడు. చివరికి నా కూతురు రెక్కలు ఊపుకుంటూ స్టేజి ఎక్కి నా వీపు మీద రెండు వేసింది. తట్లు కావవి, దెబ్బలు. అప్పుడు కదిలాను.

సమోసాల స్టాలు దగ్గర దొరికాడు. వెనుక సగాన్ని నడుముకు కట్టుకుని నిలువెత్తున నిలబడ్డాడు. చుట్టూ పిల్లలు, ఫొటోలు. వాళ్ళు పేరు అడుగుతుంటే తన పేరు, నాన్న పేరు, ఇంటిపేరు, గని పేరు, అన్నీ వరసగా చెప్తున్నాడు.

"ఏంది బావా గిది?" అన్నాను. "జోడిని నడుమ ఇడిసిపెట్టి పోతరా ఎవలన్న? ఒక్క తట్టు తట్టి పోతవా? గా తట్టుతోని ఆటలా?"

అతను నా మొహం చూడలేదు, నా మణికట్టు చూశాడు.

"నా బిళ్ళ ఏది బావా?"

"ఏం బిళ్ళ?"

"నీ చేతికున్నదే. నేను లోపట ఉన్నట్టు ఎవలకెరుక? ఎండల రెండు గంటలు నిలవడ్డ. గా సెక్యూరిటాయన కాయితం జూసిండు, నా పేరు లేదు. మైకుల పిలిచిండ్రు, నా పేరు లేదు. గీడ నేను పడి సస్తే బోర్డు మీద సూసి ఎవడు కేకేస్తడు?"

"గా పిల్ల ఒకటే ఇచ్చింది బావా. ఒక వేషానికి ఒకటే అన్నది. నేనేం జెయ్యాలె?"

బావ చేతిలో మిగిలిన సమోసా ముక్క నా బర్రె నోట్లో పెట్టి, తోక సర్దుకుని వెళ్ళిపోయాడు. తిరుగు రైల్లో వేరే డబ్బాలో కూర్చున్నాడు.

ఇంతటితో ఆగి ఉంటే దాన్ని కోపం అనేవాణ్ణి. సోమవారం డ్యూటీకి వెళ్తే బావ రెండో షిఫ్టుకు మార్పించుకున్నాడని తెలిసింది. ఇరవై రెండేళ్ళ జోడి, ఒక్క అర్జీతో. నాకు ఇచ్చిన కొత్త జోడి నోటితో పాటలు పాడతాడు, చేత్తో ఊరికే తడతాడు. రోజుకు నూటపది సార్లు ఆగుతున్నాను.

ఇంట్లో ఇంకో పోటు. ఇద్దరికీ సెలవున్న ఒక మధ్యాహ్నం, ఓపెన్‌కాస్ట్ గనిలో పేల్చే బ్లాస్టింగ్‌కు కిటికీలు అదిరే వేళ, బావ మా వరండాలోకి వచ్చి, నాతో మాట్లాడకుండా, నా కూతుర్ని అడిగి వెనుక సగాన్ని తీసుకుపోయాడు. నేను పేపరు చాటున ఉన్నాను. పేపరు తలకిందులుగా ఉందని మా ఆవిడ తర్వాత చెప్పింది. అమ్మాయి ఇప్పుడు మామ కోసం కొత్త బొమ్మ గీస్తోంది. ఆ వెనుక సగానికే పైన రొమ్ము, భుజాలు, తల. రెండు కాళ్ళ మీద నిలబడే జంతువు. ఒక్క మనిషికి సరిపోతుంది.

"నువ్వు గూడ అటేనా బిడ్డా?" అన్నాను.

"నేను ఎటు లేను బాపూ. మామ వచ్చి, కొత్తోళ్ళు ముందుగాల ఏం నేర్చుకోవాలె అని అడిగిండు. చెప్పిన."

కొత్తవాళ్ళట. నన్ను రెండు తట్లతో నడిపించినవాడు.

ముందు సగం మా వరండా గోడకు వేలాడుతోంది. బర్రె మొహం నన్నే చూస్తుంటుంది. ఒకరోజు దాన్ని తొడుక్కుని సందులోకి దిగాను, ఒంటరిగా వేరే వేషమైనా వేసుకుని పోగలనేమో చూద్దామని. గేటు దాకా వెళ్ళాను. అవ్వ గడపలో కూర్చుని ఉంది. ఈసారి నవ్వలేదు కూడా. "ఒక్కడివే ఉన్నవేంది కొడుకా?" అంది. కాళ్ళు కదల్లేదు. నడుము దగ్గర ఏమీ తగల్లేదు. వెనక్కి వచ్చేశాను.

మధ్యాహ్నం నా షిఫ్టు అయిపోయి పైకి వస్తాను. లైటు అప్పగిస్తే నా బిళ్ళ నా చేతికి వస్తుంది. అప్పటికే బోర్డు మీద రెండో షిఫ్టు వాళ్ళవి వేలాడుతుంటాయి. అతని నంబరు నాకు నిద్రలో కూడా గుర్తే. అది ఉందో లేదో చూసి గానీ కదలను. "ఏమన్న కావాల్నా అన్న?" అంటాడు ల్యాంప్ రూం మనిషి. ఏం వద్దంటాను. ఇంటికొచ్చి, అన్నం తిని, నా జోడి నన్ను మోసం చేశాడని వచ్చినవాళ్ళకల్లా చెప్తాను. స్టేజి కథ చెప్తే అందరూ నవ్వుతారు. గేటు దగ్గరి కథకు ఇంకా ఎక్కువ నవ్వుతారు. ఎంత చెప్పినా ఆ గేటు కథ దగ్గర మంచినీళ్ళకని లేచి లోపలికి పోతాను.

సరే, మాట ఇచ్చాను కాబట్టి చెప్తాను. బర్రె అసలు దూడ. కాలు ఆరు నెలలు కాదు, ఆరు వారాలు. తోక తొమ్మిది అడుగులు. జనం మూడు వందలు ఉంటారు. స్టేజి మీద నిలబడింది నాలుగు నిమిషాలు. ఇవేవీ అబద్ధాలు కావు, నా చేతిలో పెరిగాయంతే.

అబద్ధం ఆడింది ఆ టేబుల్ దగ్గర. ఒక వేషానికి ఒకటే బ్యాండు అని ఆ అమ్మాయి చెప్పలేదు. మా ఇద్దరినీ చూసి, రెండు నారింజ బ్యాండ్లు చింపి చేతిలో పట్టుకుని, "ఒకరా సార్, ఇద్దరా?" అని అడిగింది. మైకులో నా పేరు ఒక్కటే ఎలా వినిపిస్తుందో అప్పటికే నా చెవిలో మోగుతోంది. బావ నా వెనుక, తోకను భుజాన వేసుకుని, చెయ్యి ముందుకు చాపి నిలబడ్డాడు.

"ఒకరే" అన్నాను.